దాదాజాన్ టోపీ బిళ్ల

మా దాదీమా చెహ్లుమ్ ఫాతెహా అయిన మర్నాడు ఆమె ఇనప సందూక్ తెరిచాం. నాలుగు జరీ దుపట్టాలు, ఒక పాన్‌దాన్, అబ్బా చిన్నప్పటి టోపీ, నాఫ్తలీన్ గోలీలు. అట్టడుగున మల్‌మల్ గుడ్డలో చుట్టిన ఇత్తడి బిళ్ల ఒకటి. అరచేతిలో సగం ఉంటుంది. రెండు బల్లేలు అడ్డంగా ఒకదాని మీద ఒకటి, వాటి మీద నిజాం దస్తార్ ఆకారం. ముందు భాగం అరిగి అరిగి నున్నగా అయిపోయింది. వెనక రెండు కొక్కీలు.

అందరికీ ఒకేసారి అర్థమైంది. దాదాజాన్ మరహూమ్ నిజాం ఫౌజ్‌లో, లాన్సర్లలో సవార్‌గా పనిచేశారని ఖాన్‌దాన్‌లో తెలియనివాళ్లు లేరు. ఫోటో లేదు, కాగితం లేదు, మెడల్ లేదు. ఆ గుర్రపు రౌతు తాలూకు యాద్‌గార్ ఇదొక్కటే దొరికింది. మా చిన్నాన్న కొడుకు అక్కడికక్కడే ఫోన్ తీసి, ఇలాంటివి లండన్‌లో ఎంతకు పోతాయో వెతకడం మొదలుపెట్టాడు. నేను బిళ్లను గుడ్డలో చుట్టి జేబులో వేసుకున్నాను. నా శౌక్ అలా మొదలైంది. పన్నెండేళ్లు దాటింది. చైతన్యపురిలోని మా ఇంట్లో ఇప్పుడు మూడు మిఠాయి డబ్బాల నిండా బిళ్లలున్నాయి. మా బేగం వాటిని కబాడీ అంటుంది. సగం దాకా ఆమె మాట నిజమే, ఎందుకో తర్వాత చెబుతాను.

బిళ్ల అనే మాట మన తెలుగులో ఎప్పట్నుంచో ఉంది. కచేరీ బయట నిలబడే మనిషిని బిళ్ల బంట్రోతు అనేవాళ్లు, అతని పటకా మీది ఇత్తడి బిళ్లను బట్టి. ఉర్దూలో ఆ బిళ్ల పేరు చప్రాస్. అది తొడుక్కున్నవాడు చప్రాసీ. బిళ్ల మనిషిది కాదు, సర్కార్‌ది. దాన్ని తొడుక్కున్నంతసేపు సర్కార్ అతని వెనక ఉన్నట్టు. సర్కారే పోతే ఆ బిళ్ల మనిషికి బలం అవుతుందా, బలా అవుతుందా? హైదరాబాద్ ఈ సవాల్‌ను ఒకసారి కాదు, రెండుసార్లు చూసింది.

మొదటిది మా ఇంటికి దగ్గర్లోనే జరిగిన కథ. చైతన్యపురిలో మెట్రో ఎక్కితే దిల్‌సుఖ్‌నగర్ దాటగానే మూసారాంబాగ్ వస్తుంది. ఆ మూసారాం ఎవరో కాదు, మూస్యూ రేమండ్. ఫ్రాన్స్‌లో పుట్టి, రెండో నిజాం అలీఖాన్ దగ్గర జనరల్ అయినవాడు. ముస్లింలు మూసా రహీం అన్నారు, హిందువులు మూసా రాం అన్నారు. ఎవరికి వారు తమవాణ్ని చేసుకున్నారు. 1798 మార్చిలో పోయాడు. ఆస్మాన్‌గఢ్ దగ్గరి గుట్ట మీద అతని మఖ్బరా ఇప్పటికీ ఉంది. రాతి స్తంభం మీద జె, ఆర్ అనే రెండు అక్షరాలు కనిపిస్తాయి. రేమండ్ పటాలాలు ఫ్రెంచి ఇంఖిలాబ్ జెండా పట్టుకునేవని, వాళ్ల వర్దీ గుండీల మీద ఆ ఇంఖిలాబ్ నిషానీ అయిన ఆజాదీ టోపీ చెక్కి ఉండేదని ఆనాటి అంగ్రేజీ కాగితాలు ఫిర్యాదుగా రాసుకున్నాయి. దక్కన్ సిపాయి ఛాతీ మీద పారిస్ టోపీ! కంపెనీవాళ్లకు నిద్ర పట్టకపోవడంలో ఆశ్చర్యం లేదు. రేమండ్ పోయిన ఆరు నెలలకే, 1 సెప్టెంబర్ 1798న నిజాంతో ముఆహదా చేసుకున్నారు. అక్టోబర్‌లో రెసిడెంట్ కిర్క్‌పాట్రిక్ కంపెనీ పటాలాలను నిలబెట్టి, పది వేలకు పైగా ఉన్న ఆ సిపాయిల చేతుల్లోంచి బందూకులు దింపించాడు. రక్తం చిందలేదు. ఆ గుండీలు ఏమయ్యాయో! పన్నెండేళ్లలో ఒక్కటంటే ఒక్కటి నా కంట పడలేదు. ఎవరైనా తెచ్చి ఇదిగో రేమండ్ గుండీ అంటే ముందు నేను చాయ్ తాగించి, ఆ తర్వాత నమ్మనని చెప్తాను.

రెండోది 1948. దానికి తర్వాత వస్తాను. అంతకు ముందు ఈ శౌక్‌లో అడుగుపెట్టే ప్రతివాడూ పడే గుంత ఒకటుంది. నేనూ పడ్డాను.

బిళ్ల మీద హైదరాబాద్ అని ఉంటే అది నిజాం ఫౌజ్‌దే అనుకుంటాం. కాదు. హైదరాబాద్ పేరుతో రెండు వేర్వేరు ఫౌజులు నడిచాయి. ఒకటి, రెసిడెంట్ హెన్రీ రస్సెల్ 1813 ప్రాంతంలో మొదలుపెట్టిన రస్సెల్ బ్రిగేడ్. అదే తర్వాత హైదరాబాద్ కంటింజెంట్ అయింది. పైసా నిజాంది, హుకుం అంగ్రేజీ అఫ్సర్‌ది. ఆ పైసా బకాయిలు పేరుకుపోయాకనే 1853లో బేరార్ ఇలాఖా మన చేతుల్లోంచి జారిపోయింది. 1903లో ఈ కంటింజెంట్‌ను బ్రిటిష్ ఇండియన్ ఆర్మీలో పూర్తిగా కలిపేసి, అందులోని పదాతి పటాలాలకు 94 నుంచి 99 దాకా నంబర్లు ఇచ్చారు. 1922లో 19వ హైదరాబాద్ రెజిమెంట్ అన్నారు. అందులో కుమావీలు, జాట్లు, అహీర్లు, మన దక్కనీ ముస్లింలు కలిసి ఉండేవాళ్లు. 27 అక్టోబర్ 1945న పేరు మార్చి కుమావ్ రెజిమెంట్ చేశారు. మొదటి పరమ్ వీర్ చక్ర పొందిన మేజర్ సోమ్‌నాథ్ శర్మ చేరింది ఈ 19వ హైదరాబాద్‌లోనే అంటే మన పిల్లలు నోరు తెరుస్తారు. ఇవ్వాళ్టికీ కుమావ్ బిళ్ల మీద శిలువ పట్టుకున్న సగం సింహం ఉంటుంది. అది హైదరాబాద్ సింహం కాదు, కుమావ్ కొండల సింహం కాదు, ఆ రస్సెల్ ఖాన్‌దాన్ నిషాన్.

రెండోది నిజాం సొంత ఫౌజ్. దాని పేర్లు మన నోళ్లలో మొహల్లాలుగా మిగిలిపోయాయి. ఫస్ట్ లాన్సర్, ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ ఉన్న ఏసీ గార్డ్స్, బ్యారక్స్ కాస్తా బార్కస్ అయిన అరబ్బుల బస్తీ. ఆటోవాడికి ఫస్ట్ లాన్సర్ అని చెప్పి ఎక్కుతాం గానీ ఎవరా లాన్సర్ అని అడగం. మొదటి జంగ్-ఎ-అజీమ్‌లో హైదరాబాద్ లాన్సర్లు మిస్ర్, ఫలస్తీన్ దాకా వెళ్లారు. ఢిల్లీ తీన్‌మూర్తి చౌరస్తాలో నిలబడ్డ మూడు కాంస్య విగ్రహాల్లో ఒకటి మన హైదరాబాద్ సవార్‌ది. మిగతావి జోధ్‌పూర్, మైసూర్.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. 23 సెప్టెంబర్ 1918న హైఫా మీద జరిగిన గుర్రాల దాడిలో మనవాళ్లే ముందున్నారని వాట్సాప్‌లో ఏటా సెప్టెంబర్‌లో తిరుగుతుంది. మా ఖాన్‌దాన్‌లోనూ దాదాజాన్ హైఫాలో ఉన్నారని ఒక మాట ఉండేది. ఆ దాడి చేసింది జోధ్‌పూర్, మైసూర్ రిసాలాలు. హైదరాబాద్ రిసాలా అదే బ్రిగేడ్, కానీ ఆ దాడిలో లేదు. పైగా దాదాజాన్ పుట్టిందే 1918లో. పాల పీకతో హైఫాను ఫతే చేశారని నేను రాయలేను కదా.

రెండో జంగ్‌లో ఈ రెండు హైదరాబాద్‌లు ఒకే చోట చేరాయి, మలయాలో. డిసెంబర్ 1941లో జపాన్ ఫౌజ్ కోటా బారూ తీరంలో దిగినప్పుడు అక్కడి విమానాశ్రయానికి పహరా కాసింది నిజాం ఫౌజ్‌కు చెందిన ఫస్ట్ హైదరాబాద్ ఇన్‌ఫంట్రీ. కొద్ది వారాలకు, జనవరి 1942లో, స్లిమ్ నది దగ్గర జపాన్ ట్యాంకుల కింద నలిగింది 19వ హైదరాబాద్ నాలుగో బెటాలియన్. అది అంగ్రేజ్ ఫౌజ్. ఒకే సింగపూర్ ఖైదులోకి రెండు హైదరాబాద్‌లు. అందుకే మలయా నుంచి వచ్చిన బిళ్లలు చూపించి హైదరాబాద్ అనగానే ఏ హైదరాబాద్ అని అడగడం నేర్చుకున్నాను.

ఈ తేడా తెలియని రోజుల్లో జుమేరాత్ బజార్‌లో ఒక బిళ్ల కొన్నాను. 19 హైదరాబాద్ అని రాసి ఉంది, పైన కిరీటం. ఎనిమిది వందలు ఇచ్చి ఈద్ చాంద్ చూసినంత సంబరంగా ఇంటికొచ్చాను. నెల రోజులకు సికింద్రాబాద్‌లో ఉండే ఒక రిటైర్డ్ సుబేదార్ సాబ్‌కు చూపించాను. నలభై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్న మనిషి. భూతద్దం కూడా తీయలేదు.

"కిరీటం చూడు మియా. పైన కమాను ఎలా ఉంది?"

"మధ్యలో లోపలికి వంగి ఉంది సాబ్."

"అది మలికా ఎలిజబెత్ కిరీటం. ఆమె తఖ్త్ ఎక్కింది యాభై రెండులో. 19వ హైదరాబాద్ పేరు పోయింది నలభై అయిదులో. నీ సిపాయి ఏడేళ్ల తర్వాత పుట్టబోయే కిరీటం పెట్టుకున్నాడు."

బాదుషాల కాలపు కిరీటం కమాను గుండ్రంగా పైకి లేచి ఉంటుంది. 1902 నుంచి యాభై ఏళ్లు అదే. ఎలిజబెత్ వచ్చాక భుజాలు పైకెత్తి మధ్యలో పల్లం చేసింది వాడారు. మన దగ్గర 26 జనవరి 1950 తర్వాత కిరీటమే పోయి అశోక సింహాలొచ్చాయి. నకిలీ చేసేవాడికి ఇత్తడి తెలుసు, తారీఖ్ తెలియదు. ఎనిమిది వందలకు ఈ సబక్ సస్తాయే.

సుబేదార్ సాబ్ దగ్గర నేర్చుకున్నవి మరికొన్ని. అసలు బిళ్ల ఎక్కువగా అచ్చు కొట్టినది. ఉక్కు అచ్చుల మధ్య రేకు పెట్టి గుద్దుతారు. ముందు ఉబ్బెత్తుగా ఉన్నది వెనక పల్లంగా కనిపిస్తుంది, గీతలు కత్తితో కోసినట్టుంటాయి. నకల్ చేసేవాడు అసలును మట్టిలోనో మైనంలోనో నొక్కి, ఆ గుంటలో కరిగించిన ఇత్తడి పోస్తాడు. లోహం చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది కాబట్టి అసలు కంటే వెంట్రుక వాసి చిన్నదవుతుంది. అంచులు మెత్తబడతాయి, వెనక సూది మొనలంత బొక్కలు పడతాయి, ఆకురాయి గీతలుంటాయి. పాతదనం కోసం నవసాగరం, తేజాబ్ పట్టిస్తారు, పేడలో పాతిపెడతారు. ఆ ఆకుపచ్చ చిలుము అంతటా ఒకేలా ఉంటుంది. నిజంగా సిపాయి తొడుక్కున్న బిళ్ల అలా ఉండదు. రోజూ పాలిష్ పడ్డ ఎత్తుల్లో అరుగుతుంది, సందుల్లో తెల్లటి పాలిష్ పొడి గట్టిపడి మిగిలిపోతుంది.

అయితే హిందుస్తానీ బిళ్లల విషయంలో ఈ ఖాయిదా అంతటా చెల్లదు. బర్మింగ్‌హామ్ కార్ఖానాల బిళ్ల పోగొట్టుకున్న సిపాయి, జంగ్ రోజుల్లో సామాను అందని పటాలం బజార్‌లో ఇత్తడి పనివాడితో పోత పోయించుకోవడం మామూలే. అలాంటి బిళ్ల పోతదే గానీ ఆ కాలందే, టోపీ మీద నిలబడ్డదే. కాబట్టి లోహం ఒక్కటే గవాహీ చెప్పలేదు.

మరేం చెబుతుంది? నాకు మా మద్రసా రోజుల్లోని మౌల్వీ సాబ్ గుర్తొచ్చారు. హదీస్‌లో మతన్ ఎంత బాగున్నా సరే, ఇస్నాద్ అడుగుతారు. ఎవరు చెప్పారు, ఆయన ఎవరి దగ్గర విన్నారు, వాళ్లిద్దరూ ఒకే కాలంలో ఒకే ఊళ్లో ఉన్నారా. మధ్యలో ఒక కడియం తెగితే రివాయత్ జయీఫ్. బిళ్లలకూ అంతే. ఇది ఎవరి పెట్టెలోంచి వచ్చింది, ఆ పెట్టెలోకి ఎలా వచ్చింది? మెడల్‌కు ఈ తిప్పలు తక్కువ. హిందుస్తానీ సిపాయిలకిచ్చిన జంగ్ మెడళ్ల అంచు మీద నంబర్, పేరు, పటాలం చెక్కి ఉంటాయి. బిళ్లకు పేరుండదు. ఎవరు పెట్టుకుంటే వాళ్లదే.

ఉర్దూ రాకపోతే ఈ పనిలో ఇంకా మోసపోతాం. ఒకసారి చార్మినార్ దగ్గర ఒక దుకాణ్‌దార్ ఉర్దూ అక్షరాల ఇత్తడి పలక ఒకటి చూపించి, రహస్యం చెబుతున్నట్టు గొంతు తగ్గించి, రజాకార్ల బిళ్ల, ఆరు వేలు అన్నాడు. చదివాను. సర్ఫ్-ఎ-ఖాస్ అని ఉంది. నిజాం సొంత జాగీర్ మహకమా. అది ఏదో కచేరీ చప్రాసీది, పాపం. ఆ బంట్రోతు జీవితంలో లాఠీ కూడా పట్టి ఉండడు. ఇంకో చోట 1337 అన్న సంవత్సరం చూపించి హిజ్రీ లెక్కన 1918 అన్నారు, మొదటి జంగ్‌ది అని ధర మూడింతలు చెప్పారు. కానీ పక్కనే ఫస్లీ అని రాసి ఉంది. మన రియాసత్ దఫ్తర్లు నడిచింది ఫస్లీలో. దానికి 590 కలపాలి. 1927 అవుతుంది. ఒక్క మాట చదవలేకపోతే తొమ్మిదేళ్లు ఎగిరిపోతాయి. మన పిల్లలకు అరబీ అక్షరాలు నేర్పుతున్నాం, అల్హమ్దులిల్లాహ్. ఉర్దూ కూడా నేర్పిస్తే తమ ఇంట్లో వస్తువు మీద ఏముందో పరాయివాణ్ని అడగక్కర్లేదు.

ఇన్ని నేర్చుకున్నాక కూడా మా దాదాజాన్ బిళ్లను మాత్రం చాలా ఏళ్లు ఎవరికీ చూపించలేదు. భయం. చివరికి ఒకరోజు సుబేదార్ సాబ్ ముందు పెట్టాను. ఈసారి భూతద్దం తీశారు. చాలాసేపు తిప్పి తిప్పి చూశారు.

"పోత బిళ్ల. అది సరే, బజార్‌ది అనుకుందాం. కానీ ఈ కొక్కీలు చూడు. రాగి తీగ వంచి తగరంతో అతికించారు. టోపీ గుడ్డలోంచి దూర్చి పిన్ను పెడితే కొక్కీ లోపలి అంచు అరగాలి. ఇది నిన్న చేసినట్టుంది. మియా, ఇది ఏ టోపీ మీదా ఎక్కలేదు."

"మరి ముందంతా ఇంతలా అరిగిందే?"

"అదే నాకూ సమజ్ కావట్లేదు. పాతికేళ్లు తోమినట్టుంది. తొడుక్కోని బిళ్లను ఎవరు తోముతారు?"

ఆ రాత్రి నేను అన్నం సరిగ్గా తినలేదు. బిళ్ల నకల్ అయితే సందూక్ కథ నకల్. సందూక్ కథ నకల్ అయితే దాదాజాన్ సవార్ అన్న మాటకు మిగిలిన సనద్ ఏమిటి? తర్వాతి ఇత్వార్ పాత మలక్‌పేటలో ఉండే మా ఫుప్పీ దగ్గరికి వెళ్లాను. డెబ్బై దాటాయి, కళ్లు మసక. బిళ్ల చేతిలో పెట్టగానే వేళ్లతో తడిమి నవ్వింది.

"ఇది దొరికిందా నీకు? ఇది అబ్బా టోపీది కాదు బేటా. నా ముందే చేయించారు."

ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. 1948 సెప్టెంబర్ 13న ఇండియన్ ఫౌజ్ నలువైపుల నుంచి లోపలికొచ్చింది. 17కల్లా అంతా అయిపోయింది. మర్నాడు కమాండర్ ఎల్ ఎద్రూస్ జనరల్ చౌదరి ముందు ఫౌజ్‌ను అప్పగించారు. మొదటి జంగ్‌లో అదే లాన్సర్లలో కుర్ర లెఫ్టినెంట్‌గా పనిచేసిన మనిషికి ఆ రోజు రాసి ఉంది. దాదాజాన్ కాలినడకన ఇంటికొచ్చారు. అప్పటికే దాదీమా పుట్టింటివాళ్లు బీదర్ వైపు నుంచి పారిపోయి వచ్చి ఉన్నారు. ఊళ్లలో ఏం జరుగుతోందో వాళ్ల నోట విన్నారు. తర్వాత నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ ఆ రోజుల్లో పోయిన ప్రాణాలు తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేలని లెక్క వేసింది. ఆ రిపోర్ట్ ఎన్నో ఏళ్లు బయటికి రాలేదు. ఆ గడియలో రజాకార్ ఎవరు, జీతం తీసుకునే సర్కారీ సిపాయి ఎవరు అని ఎవరు అడుగుతారు? ఖాసిం రజ్వీ రజాకార్లు ఒక జమాత్ వాలంటీర్లు. వాళ్ల చేతుల్లో దెబ్బతిన్నవాళ్ల గాయాలు నిజం, దాన్ని మనం దాచకూడదు. కానీ రిసాలా సవార్ వేరే. ఆ తేడా చెప్పడానికి ఇంట్లో ఎవరికీ ధైర్యం లేకపోయింది. ముత్తవ్వ ఆ రాత్రే వర్దీ, పటకా, బిళ్ల అన్నీ ఒక గుడ్డలో రాయి పెట్టి కట్టి ఆంగన్‌లోని బావిలో వేసేసింది. దాదాజాన్ అడ్డుపడలేదట. బావి అంచున కూర్చుని ఉండిపోయారట.

ఫౌజ్ రద్దయింది. ఆయన తర్వాత గంజ్‌లో ధాన్యం తూకం రాసుకునే పని చేశారు. పధ్నాలుగేళ్ల తర్వాత, ఫుప్పీకి పదేళ్లప్పుడు, ఒకరోజు ఆమెను సైకిల్ ముందు కూర్చోబెట్టుకుని ఇత్తడి సామాన్లు చేసే ఒకాయన దుకాణానికి వెళ్లారు. లెక్కల కాగితం వెనక పెన్సిల్‌తో బిళ్ల బొమ్మ గీసి చూపించారు. పనివాడు దస్తార్ సరిగ్గా పోయలేదని రెండోసారి చేయించారు. ఇంటికి తెచ్చాక ఎక్కడా పెట్టుకోలేదు. ప్రతి జుమ్మా పొద్దున చింతపండు, బూడిదతో తోమి, గుడ్డలో చుట్టి లోపల పెట్టేవారు. 1979లో ఆయన పోయాక ఆ పని దాదీమా చేసింది.

"ఎందుకని అడగలేదా ఫుప్పీ?"

"అడిగాను. గుర్రాల రోజులు మర్చిపోతానేమోనని భయంగా ఉంది బేటీ అన్నారు. ఇంక అడగలేదు."

సుబేదార్ సాబ్‌కు ఫోన్ చేసి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "రిజిస్టర్‌లో నకల్ అనే రాసుకో. అబద్ధం రాయకు. పక్కన చేయించినవాడి పేరు రాయి," అన్నారు.

అలాగే చేశాను. డబ్బాలో దాని కింద ఉర్దూలో, తెలుగులో ఒక చీటీ పెట్టాను: నకల్, 1962 ప్రాంతం, హైదరాబాద్ ఇత్తడి పోత, చేయించినది మాజీ సవార్. ఆయన నుంచి ఆయన బేగం, ఆమె సందూక్ నుంచి నేను, గవాహీ కూతురు. మా చిన్నాన్న కొడుకు మొన్న మళ్లీ అడిగాడు, లండన్ ధర ఎంత వచ్చిందని. నకలీదిరా అన్నాను. నా మొహం చూసి ఏమనుకున్నాడో, మళ్లీ ఆ మాట ఎత్తలేదు. అసలుది ఉన్న బావిని ఎనభైల్లోనే పూడ్చేశారు. దాని మీద ఇప్పుడు నాలుగంతస్తుల ఇల్లు ఉంది, కింద జిరాక్స్ దుకాణం.